అంగిలిలో రెండు జబ్బులు, కాగితం మీద ఒకటే గడి

గౌరవనీయులైన వైద్యారోగ్య శాఖ అధికారులకు, దంతవైద్యులకు, చెవి ముక్కు గొంతు వైద్యులకు, పాథాలజిస్టులకు,

నమస్కారం.

2021 వేసవిలో మీరు పడిన కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. ఊపిరి ఆడని రోజుల్లోనే బ్లాక్ ఫంగస్ వార్డులు తెరిచారు, ఆ జబ్బును ఆరోగ్యశ్రీలో చేర్చారు, ఎక్కడా దొరకని ఇంజెక్షన్లు వెతికి తెప్పించారు. మా అమ్మ ఈ రోజు బతికి ఉందంటే అందులో మీ పాలు ఉంది. ఆ మాట ముందే చెప్పుకుని అసలు సంగతికి వస్తాను. ఇదే విషయం మీద ఆసుపత్రికి ఒకసారి, సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు అర్జీ పెట్టాను. ముట్టినట్టు రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను. ఆసుపత్రి పేరు, డాక్టర్ల పేర్లు రాయను. ఒకరిని శిక్షించినంత మాత్రాన మా వెనక వచ్చేవారికి ఒరిగేదేమీ ఉండదు.

అమ్మది ఉద్దానం. పలాస జీడి కార్ఖానాల్లో ముప్పై ఏళ్లు పిక్కలు కొట్టింది. చాలాకాలంగా షుగరు ఉంది. 2021 ఏప్రిల్ చివర కొవిడ్ వచ్చింది. స్టెరాయిడ్లు వాడారు, షుగరు 400 దాటింది. మే మూడో వారానికి ఎడమ బుగ్గ మొద్దుబారింది. పై పళ్లు రెండు కదులుతుంటే ఊళ్లో దంతవైద్యుడు తీసేశారు. ఆ గుంతలు పూడలేదు. అంగిలి మీద నల్లమచ్చ కనిపించిన రోజున, పేపర్లలో చదువుతున్న జబ్బు మా ఇంటికీ వచ్చిందని అర్థమైంది. జూన్‌లో ఎడమవైపు పై దవడ తీసేశారు. తీసిన ముక్కను పరీక్షించిన బయాప్సీ నివేదికలో ఒక్కటే మాట ఉంది: మ్యూకర్‌మైకోసిస్, అంటే బ్లాక్ ఫంగస్.

ఆ మాట నిజమే. అందులో రాయకుండా మిగిలిన మాట ఒకటుందని మాకు నెలలు గడిచాక గానీ తెలియలేదు.

అక్టోబరులో, దవడ తీసిన రంధ్రం అంచున గట్టి కండ ఒకటి పువ్వులా విచ్చుకుంటూ పెరిగింది. చూపిస్తే పుండు మానుతోందని, పచ్చి కండ అలాగే ఉంటుందని చెప్పారు. మరోసారి చూపిస్తే ఫంగస్ తిరగబెట్టి ఉంటుందని ఇంకో రెండు నెలలు మాత్రలు రాశారు. ముక్క తీసి పరీక్షకు పంపలేదు. పేరు ముందే ఖరారైపోయింది కదా, మళ్లీ వెతకడం ఎందుకని అనుకున్నారేమో. 2022 ఫిబ్రవరిలో దవడ కింద బిళ్ల కట్టింది. వేరేచోటికి తీసుకెళ్లాం. అక్కడి వైద్యుడు ఫైలు తెరవకముందే అడిగిన మొదటి ప్రశ్న ఇది: “అమ్మా, మీకు అడ్డపొగ అలవాటుందా?”

“పద్నాలుగో ఏట నుంచి ఉంది బాబూ” అంది అమ్మ, అదేదో తన అర్హత అడిగినట్టు.

బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అని తేలింది, అంటే క్యాన్సర్. ఆ రాత్రి నేను పాత కేసు షీటు తీసి చూశాను. “అలవాట్లు” అన్నచోట “లేవు” అని ఉంది. ఆడమనిషి కదా, ఎవరూ అడిగి ఉండరు. మొదటి ఆపరేషన్ నాటి స్లైడ్లు (గాజు పలకల మీద పరిచిన పలుచని పొరలు), బ్లాకులు (మైనంలో భద్రపరచిన ముక్కలు) తెమ్మన్నారు. వాటి కోసం రెండు నెలల్లో తొమ్మిదిసార్లు తిరిగాం. చివరికి అవి చేతికొచ్చాక, జూన్‌లో తీసిన ముక్కల్లోనే, అంగిలి అంచు నుంచి తీసిన ఒక ముక్కలో, ఫంగస్ దారాలకు పక్కనే క్యాన్సర్ కణాల గుంపులు ఉన్నాయని, వాటిని సూక్ష్మదర్శినిలో చూసిన రెండో పాథాలజిస్టు రాసిచ్చారు. మొదటి ఆపరేషన్ నాటికే రెండు జబ్బులూ ఒకే అంగిలిలో ఉన్నాయన్నమాట. ఒకటి దొరకగానే రెండోదాని కోసం ఎవరూ వెతకలేదు.

ఉద్దానం బయటివారికి అడ్డపొగ అంటే ఏమిటో చెప్పాలి. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనిలో ఉన్నా ఇబ్బంది ఉండదు, పెద్దవాళ్ల ఎదుట మెరిసే నిప్పు కనబడదు. మా అమ్మమ్మ పీల్చింది, మా అమ్మ పీల్చింది. ఇంట్లో ఎవరూ దాన్ని వ్యసనమని అనలేదు. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికే. ఇదేమీ కొత్తగా బయటపడిన రహస్యం కాదు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, వారి సహచరులు మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లోనే అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. అంగిలి మీద తెల్లపొరలు, ఎర్రటి మచ్చలు, పుండ్లు, క్యాన్సర్, అన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచమంతా నోటి వ్యాధుల గురించి చదువుకునేటప్పుడు మా అమ్మల అంగిళ్ల గురించి చదువుతుంది. ఆ తరువాత యాభై ఏళ్లకు మా జిల్లా మనిషి అంగిలి పుండుతో వస్తే “అలవాట్లు లేవు” అని రాశారు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

పాథాలజిస్టుల వైపు నుంచి కూడా ఒకమాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఫంగస్ ఉన్నచోట నోటి పైపొర కణాలు పొంగి, లోపలికి వేళ్లు చాచి, అచ్చం క్యాన్సర్‌లా కనిపించడం ఉంటుందట. క్యాన్సర్ కాకుండానే క్యాన్సర్ అని రాస్తే దవడలు అనవసరంగా పోతాయి. కాబట్టి జాగ్రత్తపడటం వారి ధర్మం. పైగా ఆ వేసవిలో వారి బల్లల మీద ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. 2021 జులై నాటికే దేశంలో 45 వేలకు పైగా బ్లాక్ ఫంగస్ కేసులు నమోదయ్యాయని, నాలుగు వేలమందికి పైగా చనిపోయారని లెక్క చెప్పారు. ఆ హడావిడిలో ఒక ముక్క కళ్లుగప్పిపోవడం నాకు అర్థమవుతుంది. అక్టోబరులో కండ పెరిగినప్పుడు, తీరికగా ఉన్న రోజుల్లో, కొత్త ముక్క తీయకపోవడమే అర్థం కాదు.

మా అమ్మది కోటికొక్క కేసు అని ఒక అధికారి అన్నారు. మాటలోనే అన్నారు, కాగితం మీద కాదు. ఆయనకు నా మనవి ఇది. ఆమెకున్న జబ్బుల్లో ఏ ఒక్కటీ మా ప్రాంతంలో అరుదు కాదు. షుగరు ఊరూరా ఉంది, అడ్డపొగ ఉంది, కొవిడ్ అందరికీ వచ్చింది. అరుదైనది వాటి కలయిక మాత్రమే. పాతికమంది వైద్యులు పాతిక గదుల్లో కూర్చుని ఒక్కొక్క జబ్బే చూస్తుంటే ఏ కలయికైనా అరుదుగానే కనిపిస్తుంది. సమాచార హక్కు చట్టం కింద ఒక కార్యాలయాన్ని అడిగాను: బ్లాక్ ఫంగస్ రోగుల్లో ఎంతమందికి దవడలో, నోటిలో రెండో జబ్బు బయటపడింది? “రిజిస్టరులో అటువంటి గడి లేనందున సమాచారం ఇవ్వలేము” అని జవాబు. ఈ విషయంలో నాకు రాతపూర్వకంగా దక్కిన జవాబు అదొక్కటే.

దవడ ఎముక బయటపడి మానకుండా ఉంటే దానికి కారణం ఫంగస్ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు, పాత రేడియేషన్ కావచ్చు, ఎముకలకు పాకిన క్యాన్సర్‌కు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందు కూడా కావచ్చు. ఈ మందుల వల్ల దవడ చచ్చుబడుతుందన్న సంగతి 2003లో గానీ వైద్యలోకం దృష్టికి రాలేదు. పైకి నాలుగూ ఒకేలా ఉంటాయి. రెండు కలిసి కూడా ఉంటాయి. వక్క, గుట్కా నమిలి నోరు బిగుసుకుపోయినవారికి ఆ బిగింపు వెనకే క్యాన్సర్ మొలిస్తే, నోరు తెరుచుకోక ఎవరికీ కనిపించదు. పుట్టుకతో ఎముకలు రాయిలా గట్టిపడే ఆస్టియోపెట్రోసిస్ అనే జబ్బున్న పిల్లలకు పన్ను పీకితే దవడ ఎముకకు చీము పట్టి ఏళ్ల తరబడి మానదు. దవడ మీద ఎముక బుడిపెలు, అదనపు పళ్లు కనిపించే గార్డ్‌నర్ సిండ్రోమ్‌లో అసలు ప్రమాదం పెద్దపేగులో ఉంటుంది. పేగులో మొలిచే పాలిప్స్ అనే కండ బుడిపెలు క్యాన్సర్‌గా మారతాయి. దవడ ఎక్స్‌రే చూసిన దంతవైద్యుడికి తోస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. ఇవన్నీ నేను ఈ నాలుగేళ్లలో వైద్యులను అడిగి అడిగి నేర్చుకున్నవి. హైస్కూలు తెలుగు పంతులమ్మను. ఇవి నేర్చుకోవలసిన అవసరం నాకు రాకుండా ఉండవలసింది.

ఇక సామాన్యులకు దీనివల్ల జరుగుతున్నదేమిటో, మేము అడుగుతున్నదేమిటో వరుసగా రాస్తున్నాను.

1. అడగని ప్రశ్న. ఉత్తరాంధ్ర నుంచి వచ్చే ప్రతి రోగినీ, ఆడవారిని కూడా, “చుట్ట తాగుతారా, ఏ కొస నోట్లో పెట్టుకుంటారు” అని అడగాలి. “పొగతాగే అలవాటు ఉందా” అని అడిగితే మా అమ్మ కూడా లేదనే అంటుంది. ఆమె దృష్టిలో పొగతాగడమంటే మగవాళ్లు బీడీ, సిగరెట్ కాల్చడం. కేసు షీటులో అడ్డపొగకు, వక్కకు, గుట్కాకు, ఖైనీకి విడివిడిగా గడులు అచ్చు వేయించండి. ఇందుకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

2. మానని పుండుకు రెండో ముక్క. నోట్లో పుండు గానీ, తీసిన పన్ను గుంత గానీ, ఆపరేషన్ అంచు గానీ మూడు వారాలు దాటినా మానకపోతే, ముందు ఏ పేరు పెట్టి ఉన్నా సరే, మళ్లీ బయాప్సీ చేయాలి. ముక్కను నల్లగా చచ్చిన కండ నుంచి మాత్రమే తీస్తే అందులో ఫంగస్ తప్ప మరేమీ దొరకదు. బతికి ఉన్న అంచు నుంచి కూడా తీయాలి. నివేదిక ఫారంలో “రెండో వ్యాధి: ఉంది / లేదు / అనుమానం” అని ఒక వరుస ఉంటే, రాసేవారు ఒక్క క్షణం ఆగి చూస్తారు. అనుమానం అని రాసినా చాలు, తరువాతి వైద్యుడు మేలుకుంటాడు.

3. స్లైడ్లు, బ్లాకులు రోగి ఆస్తి అన్నట్టు చూడాలి. వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. మాకు పట్టింది రెండు నెలలు. స్లైడ్లు రికార్డుల కిందికి వస్తాయా రావా అని ఒక గుమస్తా నాతో అరగంట వాదించారు. ఆ వాదన జరుగుతున్నంతసేపూ అమ్మ బయట బెంచీ మీద ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చుంది. నోట్లో పోసిన నీళ్లు ముక్కులోంచి కారేవి. ఇకపై ఇలా వాదించుకోకుండా, స్లైడ్లు, బ్లాకులు ఎవరికి, ఎన్నాళ్లలో, ఏ రసీదు మీద ఇవ్వాలో ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. అది ప్రతి ల్యాబు గోడ మీదా తెలుగులో అంటించి ఉండాలి.

4. మూత్రపిండాలు. ఇది మా ఉద్దానం ప్రత్యేక బాధ. మా ఊళ్లలో కారణం తెలియని కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో మీకు నేను చెప్పనవసరం లేదు. ఫంగస్‌కు ఇచ్చే యాంఫోటెరిసిన్ మందు కిడ్నీలను దెబ్బతీస్తుంది. మందును కొవ్వు పొరలో చుట్టి తయారుచేసే లైపోసోమల్ రకం కొంత నయం. క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ కూడా కిడ్నీల మీదే పడుతుంది. అమ్మకు మొదటిదానితోనే క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీల పని తగ్గింది. రెండో జబ్బు బయటపడేసరికి రెండో మందు ఇవ్వలేని స్థితికి వచ్చింది. మొదటి రోజే రెండూ తెలిసి ఉంటే కిడ్నీ వైద్యుడిని పక్కన కూర్చోబెట్టుకుని మందులు ఎంచుకునేవారు. ఉద్దానం రోగికి నోటి ఫంగస్, నోటి క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టే ముందు కిడ్నీ వైద్యుడి సలహా తప్పనిసరి చేయాలి.

5. అందరూ ఒకే రోజు, ఒకే గదిలో. పళ్లకు ఒకచోట, ముక్కుకు ఒకచోట, కంటికి ఒకచోట, క్యాన్సర్‌కు ఇంకోచోట. ఒక్క 2022లోనే పలాసలో రైలెక్కి విశాఖపట్నం ముప్పైసార్లకు పైగా వెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ నాకు సెలవు, తమ్ముడికి కూలి పోయేవి. ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు నేను మోసుకెళ్లి చదివి వినిపించాను. దంతవైద్య విద్యలో నోటి పాథాలజీ ఒక పీజీ శాఖ, నోటి వ్యాధి నిర్ధారణ ఇంకొకటి, దవడ శస్త్రచికిత్స మరొకటి, కృత్రిమ దంతాలు మరొకటి. ఇంతమంది నిపుణులను తయారుచేసుకుంటున్నాం. కానీ బ్లాక్ ఫంగస్ వార్డులున్నది వైద్య కళాశాలల్లో, ఈ నిపుణులున్నది దంత కళాశాలల్లో. ప్రభుత్వ దంత కళాశాలలు విజయవాడలో, కడపలో ఉన్నాయి, మాకు రెండూ దూరమే. విశాఖలో నెలకు రెండు రోజులైనా అందరూ కలిసి కూర్చునే క్లినిక్ పెట్టండి. మా చుట్టుపక్కల ప్రైవేటు దంత కళాశాలలను కూడా అందులోకి పిలవండి. రారని ముందే అనుకోవద్దు. అంగిలి రంధ్రం మూయడానికి అమ్మకు ఇప్పుడున్న ప్లేటును ఒక యువ దంతవైద్యురాలు తన ఖర్చుతో సరిచేసి ఇచ్చారు.

6. దవడ పోయాక తినడం. దవడ తీయడానికి అనుమతి వెంటనే వచ్చింది. తీసినచోట అంగిలి రంధ్రం మూసే ప్లేటు సంగతి అడిగితే “అది పళ్ల సెట్టు కిందికి వస్తుంది, మీరే చేయించుకోండి” అన్నారు. అది పళ్ల సెట్టు కాదు. అది లేకపోతే చోడి అంబలి కూడా ముక్కులోంచి వస్తుంది, మాట ఎదుటివారికి అర్థం కాదు. రేడియేషన్ తరువాత నోరు బిగుసుకుంటుంది, కండ కుంచించుకుపోతుంది, కాబట్టి ప్లేటును మళ్లీ మళ్లీ సరిచేయాలి. అమ్మ రెండేళ్లుగా ఏ పెళ్లికీ వెళ్లలేదు. పిలిచినవాళ్లు భోజనానికి కూర్చోమంటారని భయం. ప్లేటును, దాని మరమ్మతులను, నోరు తెరిచే వ్యాయామాలను దవడ ఆపరేషన్‌లో భాగంగా చూడాలి, వేరే ఖర్చుగా కాదు. కుదిరినవారికి చెంప ఎముకలో బిగించే ఇంప్లాంట్లు కూడా పరిశీలించాలి.

7. రేడియేషన్‌కు ముందు పళ్లు చూడాలి. అమ్మకు 30 సిట్టింగులు ఇచ్చారు. ముందు దంతవైద్యుడికి చూపించమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కింది దవడలో ఒక పన్ను పుచ్చింది. తీస్తే రేడియేషన్ తిన్న ఎముక మానదని ఒకరు, తీయకపోతే చీము పడుతుందని మరొకరు. ఇద్దరి మాటా నిజమేనట. ఇద్దరూ ఒకరితో ఒకరు ఫోనులోనైనా మాట్లాడుకోలేదు.

8. అరుదైన వ్యాధుల విధానం. 2021లో కేంద్రం జాతీయ విధానం తెచ్చింది, 2022లో సాయాన్ని 50 లక్షల రూపాయల వరకు పెంచింది, హైదరాబాదులో నిమ్స్‌కు అందులో చోటుంది. మంచిదే. ఆస్టియోపెట్రోసిస్ ఆ జాబితాలో ఉంది. జాబితా అన్నాక ఒక్కొక్క జబ్బు పేరే ఉంటుంది, రెండు మామూలు జబ్బులు కలిసి మనిషిని కూల్చేస్తే దానికి ఏ వరుసలోనూ చోటు ఉండదు. జాబితా మార్చమని నేను అడగను, అది మీ చేతిలో లేదు. రాష్ట్ర స్థాయిలో ఇటువంటి కేసులు రాసిపెట్టుకునే ఒక రిజిస్టరు పెట్టమని మాత్రం అడుగుతున్నాను. ఇప్పుడు లేని ఆ గడిని చేర్చండి. ఏడాది తరువాత లెక్క చూస్తే ఇది కోటికొక్కటో, ఊరికొక్కటో తేలుతుంది.

9. పాత స్లైడ్లు. 2021, 2022లో బ్లాక్ ఫంగస్ పేరుతో దవడ తీసినవారిలో, ఇంకా మానని పుండ్లతో తిరుగుతున్నవారిని పిలిపించి వారి స్లైడ్లు రెండోసారి చూపించండి. మాకు తెలిసి మా మండలంలోనే అలాంటివారు ఇద్దరున్నారు. వారికి ఉన్నది క్యాన్సరేనని నేను అనడం లేదు. చూడమంటున్నాను.

ఊళ్లలోని దంతవైద్యులకు విడిగా రెండు మాటలు. రోగిని మొదట చూసేది మీరే. షుగరు ఉన్న మనిషికి ఉన్నట్టుండి పై పళ్లు వదులైతే, బుగ్గ మొద్దుబారితే, పన్ను తీయడానికి ముందు ఒక్క సీటీ స్కాన్ రాయండి. మీ కుర్చీలో కూర్చున్న ప్రతివారి అంగిలినీ చూడండి. మాకు తెలిసింది పళ్లు చూపించుకోవడమే, పైకి చూడవలసింది మీరు. మా అమ్మ పళ్లు తీసిన డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆయన తరువాత మా ఇంటికి వచ్చి, అంగిలి మీద తెల్లపొర అప్పుడే కనిపించిందని, చుట్ట తాగేవాళ్లందరికీ ఉండేదే కదా అనుకున్నానని చెప్పి బాధపడ్డారు. అందరికీ ఉండేదే కాబట్టే ఎవరికీ కనబడకుండా పోయింది.

ఈ తొమ్మిదింటిలో డబ్బు అవసరమైనవి మూడో నాలుగో. మిగిలినవి ఒక ఉత్తర్వుతో, ఒక అచ్చు ఫారంతో అయ్యేవి. మూడు నెలల్లో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. చేయలేనివాటికి కారణం కూడా రాయండి. స్లైడ్ల నివేదికలు, కేసు షీటు, రసీదుల నకళ్లు నా దగ్గర ఉన్నాయి. ఎప్పుడు ఎక్కడికి రమ్మంటే అక్కడికి తెస్తాను.

కింది పన్ను సంగతి ఇంకా తేలలేదు. వచ్చే నెల మళ్లీ రైలెక్కుతున్నాం. మీరు జవాబిస్తే తెలుగులో ఇప్పించండి. అది చదివి వినిపించమని అడిగేది మా అమ్మే.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక రోగి కుమార్తె